చివరి పువ్వు రాలాక

ఫెలనాప్సిస్ ఆర్కిడ్ పూలన్నీ రాలేసరికి మా ఇంట్లో ఒక వాదన మొదలవుతుంది. కాడ పచ్చగా ఉన్నంతకాలం మా వదిన దానికి కత్తెర తగలనివ్వదు. మొదలంటా కోసేద్దామని నేనంటాను. ఆవిడ మాటలోనూ నిజముంది కనుకే ఏళ్లు గడిచినా ఇది తెగడం లేదు.

వదిన చూపించేది కణుపులు. పూలు పూసిన చోటికి దిగువన, సన్నటి పొర కప్పుకుని రెండు మూడు ఉంటాయి. ఒక్కోదానిలో ఒక మొగ్గ నిద్రపోతుంటుంది. పై కణుపుకు అంగుళం ఎగువన కోస్తే చాలాసార్లు అది మేలుకుని పక్కకొమ్మ వేస్తుంది. రెండు మూడు నెలల్లో మళ్లీ పూలు చూడొచ్చు.

నా బెంగంతా కాలం గురించే. ఫెలనాప్సిస్‌ను పూతకు తెచ్చేది ముఖ్యంగా చల్లదనం. వేడి 28 డిగ్రీలు దాటి నిలకడగా ఉంటే అది ఆకులు వేసుకుంటూ పోతుంది. అందుకే వ్యాపారానికి పెంచేవాళ్లు మొదట గ్రీన్‌హౌస్‌ను వెచ్చగా ఉంచి మొక్కను బలపరుస్తారు, అమ్మకానికి కొన్ని నెలల ముందు చల్లబరుస్తారు. హైదరాబాద్‌లో మాకు ఆ పని కార్తీకం రాత్రులు చేసిపెడతాయి. దీపావళి వెళ్లాక, పైనుంచి మూడో నాలుగో ఆకు మొదట్లో పచ్చటి మొన పొడుచుకొస్తుంది. ముందు వేరేమో అనుకుంటాం. వేరు కొస గుండ్రంగా, నున్నగా ఉంటుంది. పూకాడ కొస కాస్త చదునుగా, బొటనవేలు విడిగా ఉన్న పసిపిల్లల చేతితొడుగులా ఉంటుంది. అది కనిపించిన ఉదయం నేను కాఫీ కూడా మరిచిపోతాను.

అక్కణ్నుంచి పువ్వు విచ్చడానికి మూడు నాలుగు నెలలు. పూలు రాలేసరికి ఎండలు ముదురుతాయి. ఆ వేడిలో కణుపు లేచినా పూలు చిన్నవి, తక్కువ. ఒక్కోసారి పువ్వుకు బదులు పిలక వస్తుంది. వానాకాలంలో కొత్త ఆకు వేయాల్సిన సత్తువ పాతకాడకు పోతే, వచ్చే కార్తీకానికి మొక్క నీరసపడుతుంది.

అయినా అన్నింటినీ కోయమనను. అయిదారు దళసరి ఆకులుండి, నీడపట్టున చల్లగా ఉన్న మొక్క రెండో పూతను తట్టుకుంటుంది. నడి చిగురు కుళ్లిన మొక్క కాడను అసలు ముట్టుకోకూడదు, కణుపున పిలక పుడితే అదే దాని వారసుడు. డెండ్రోబియం సంగతి పూర్తిగా వేరు. ఆకు రాలిన పాత కాండాలు కూడా నీరూ ఆహారమూ దాచుకుని మళ్లీ పూయగలవు. వాటిని ఎండు పుల్లలనుకుని కోసేవాళ్లను చూస్తే నాకూ వదినకూ ఒకేలా మనసు చివుక్కుమంటుంది.

ఈసారి రెండు కుండీలు పంచుకున్నాం. ఆరాకులది ఆవిడకు వదిలేశాను. వాడిన మూడాకులదాని కాడను, కత్తెర మంటమీద కాల్చి చల్లారనిచ్చి, నేనే కోశాను. కోసిన కాడను పారేయనివ్వక వదిన గాజు గ్లాసులో నీళ్లుపోసి కిటికీ దగ్గర పెట్టింది.