పందెము ఒకనాడు, సాధకము ఏడాది

ఐరన్‌మ్యాన్ అను పేరు విన్నంతనే మనవారికి చెమటయు, పట్టుదలయు, చివరి గీతకడ కన్నీళ్ళును స్ఫురించును. ఈత, సైకిలు, పరుగు ఈ మూడింటిని ఒకే దినమున వరుసగా ముగింపవలసిన ట్రయథ్లాన్ పందెములలో ప్రసిద్ధమైన దీర్ఘ పందెమిది. 3.8 కిలోమీటర్లు ఈదవలెను, 180 కిలోమీటర్లు సైకిలు త్రొక్కవలెను, పిమ్మట 42.2 కిలోమీటర్లు పరుగెత్తవలెను. గడువు సాధారణముగా 17 గంటలు. 1978లో హవాయి దీవులలోని ఓఅహులో జాన్ కాలిన్స్ అను నౌకాదళాధికారియు, ఆయన భార్య జూడీయు, అక్కడివారికి పరిచితములైన మూడు వేరువేరు పందెములను ఒక్కటిగా కూర్చి దీనిని ఆరంభించిరి. ఆ యేట బయలుదేరినవారు 15 మంది. ముగించినవారు 12 మంది.

దీనిని గూర్చి వ్రాయువారిలో పెక్కుమంది చివరి గీతను గూర్చియే వ్రాయుదురు. నేడు బాధ, రేపు కీర్తి అని వారి లెక్క. ఈ లెక్క నాకు సరిపడదు. వారమునకు 10 గంటల చొప్పున 40 వారములు సిద్ధపడినవానికి 400 గంటలగును. పందెము ఎంత సాగినను 17 గంటలే. ఆ 17 గంటల కొరకు ఈ 400 గంటలను పండ్లు బిగబట్టి భరించువాడు బేరములో మోసపోయినవాడే.

సాధన పద్ధతియే నా మాటకు సాక్ష్యము. అందులో అధికభాగము ప్రక్కవానితో మాటలాడగలిగినంత మెల్లగా సాగవలెనని శిక్షకులు చెప్పుదురు. ఆ నెమ్మది గమనమున కండరములలో సన్నని రక్తనాళములు పెరుగును. కణములలో శక్తిని పుట్టించు మైటోకాండ్రియా వృద్ధియగును. దేహము కొవ్వును ఇంధనముగా వాడుకొనుట నేర్చును. ప్రతిదినమును పందెపు దినమువలె పరుగెత్తువానికి అలసట పేరుకొనును, గాయములు తగులును. అనగా, పనికివచ్చు వేగమే చుట్టును కన్నులార చూడగల వేగము. ఇంతటి అనుకూలత మరి యే కఠినవిద్యలో కలదు?

ఈత సంగతి చూడుడు. నీరు గాలికంటె దాదాపు 800 రెట్లు సాంద్రమైనది. దానిని కోపముతో కొట్టినవాడు అలసిపోవును. దేహమును తిన్నగా చాచి, తలను నీటి మట్టమునకు దించి జారువాడు సాగిపోవును. ఒక్క చేతి విసురును సరిదిద్దుకొనుటకు వారములు పట్టును. సరళీస్వరములను విసుగు లేక పాడించు మన సంగీతగురువులు సాధకమని పిలుచునది దీనినే. అట్లు సాగగా సాగగా ఒకనాటి ఉదయమున నీరు చేతికి చిక్కినట్లు తోచును. ఆనాడు చప్పట్లు కొట్టువారు ఎవరును ఉండరు.

పెద్దన ప్రవరుడు సిద్ధుడిచ్చిన పాదలేపముతో నడక లేకయే హిమాలయము చేరెను. మంచునకు పసరు కరగగా తిరిగివచ్చు దారి తెలియక చిక్కుపడెను. నడిచి పోయినవానికి ఆ దిగులు ఉండదు. దారి అతని కాళ్ళకు తెలిసియుండును. నేటి పాదలేపములు అంగళ్ళలో దొరకుచున్నవి: లక్షల వెలగల సైకిళ్ళు, గుండె కొట్టుకొనుటను లెక్కించు చేతి గడియారములు. అవి వలదనను. కాని పరుగు ముగిసినంతనే ఆకాశము వంక గాక గడియారము వంక చూచువాడును, కావ్యమును మార్కుల కొరకు చదువు విద్యార్థియు ఒకే జాతి. ఆ విద్యార్థులను ఏటేట చూచుచున్నాను. పరీక్ష మరునాటికి వారికి పద్యము మిగులదు.

ఆనందింపుమనుట సుఖపడుమనుట కాదు. తెల్లవారుజామున లేచుట కష్టమే. నాలుగు గంటలు సైకిలు జీనుపై కూర్చుండుట మరియు కష్టము. ఇంటివారి ఆదివారములు కూడ ఇందులో ఖర్చగును. వారి ఓర్పును లెక్కింపనివాని ఆనందము దొంగసొత్తని నా అభిప్రాయము.

జపాను దేశస్థుడు హిరోము ఇనాడా ఉద్యోగము విడిచిన పిమ్మట ఈత మొదలుపెట్టి, 70 ఏండ్ల ప్రాయమున ట్రయథ్లాన్‌లో దిగెను. 2015లో హవాయిలోని కోనాలో జరిగిన ప్రపంచపోటీలో, 82వ యేట, గడువు దాటిన కొన్ని సెకండ్లకు గీతను చేరెను. లెక్కలో ఆ పందెము ఆయనకు లేదు. ఆనందమంతయు గీతకడనే దాచుకొన్నవాడైనచో అంతటితో సైకిలును మూలపెట్టవలసినదే. ఆయన మూలపెట్టలేదు, 2018లో, 85వ యేట, అదే పందెమును గడువులోపల ముగించెను.

పందెమునకు ముందు రెండు మూడు వారములు సాధకమును తగ్గింతురు. అలసిన కండరములు కోలుకొనుటకు ఇది అవసరము. సాధకమును ప్రేమించినవానికి ఏడాదిలో కష్టమైన దినములు ఇవియే. అలవాటు చొప్పున నాలుగు గంటలకే మెలకువ వచ్చును. పోవలసిన చోటు ఉండదు. వాకిట కూర్చుండి, వీధిన పోవు పాలవాని సైకిలును చూచుచుండును.