వంటిల్లు సమాజం కాదా?

ఫోటోగ్రఫీ డిగ్రీ పూర్తిచేసిన అమ్మాయి ఒకామె తన సొంత ప్రాజెక్టు చూపించి అభిప్రాయం చెప్పమంది. ఏడాది పాటు తీసిన అమ్మ వంటిల్లు. మసిబారిన గోడ, నూనె చిట్లి కాలిన మణికట్టు, అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలిన అన్నం.

‘మరీ వ్యక్తిగతం. ఇందులో సమాజమేది?’ అన్నారు పెద్దాయన. ఫుట్‌పాత్ మీద నిద్రపోతున్న స్త్రీని ఆమెకు తెలియకుండా ఫోటో తీసిన అబ్బాయికి మాత్రం ‘సామాజిక స్పృహ’ ఉందట! ఆ బల్ల దగ్గర నేనూ ఉన్నాను. నోరు మెదపలేదు.

ఇదేమీ కొత్త తీర్పు కాదు. స్త్రీలు శరీరం గురించి రాస్తే ‘నీలి కవితలు’ అన్నారు. హోమై వ్యారావాలా తొలి ఫోటోలు భర్త పేరుతో అచ్చయ్యాయి. ఇప్పుడు పేరు మనదే, వస్తువు మీదే నిషేధం. నాన్ గోల్డిన్ 1984లో, ప్రియుడు కొట్టిన నెలకి, కమిలిన తన ముఖాన్నే ఫోటో తీసుకుంది. అది డైరీయా, సాక్ష్యమా?

ఈ పిల్లలు మెచ్చుకోలు అడగడం లేదు. వెలుతురు ఎక్కడ చెడిందో, ఏ ఫోటో తీసెయ్యాలో చెప్పండి. అమ్మ ఒప్పుకుందా అని నిలదీయండి. అంతేగాని వంటిల్లు సమాజం కాదనకండి.

ఈ మాట నేను ఆ రోజే, ఆమె ముందే అనాల్సింది.