ఇంటి ముచ్చటలు: తేలికయు గట్టిదియు నగు చేతికఱ్ఱ



కామారెడ్డి నుండి యొక సోదరి వ్రాసిన జాబు మొన్న నాకు చేరినది. ఆమె కుమార్తె రానున్న చలికాలమున హిమాలయములకు పోయి, కాళ్లకు పలకలు కట్టుకొని మంచుకొండలపై నడచుటయు జాఱుటయు నేర్చుకొననున్నదట. “చేతికొక కఱ్ఱ చొప్పున రెండు కొనవలయునట. తేలికవి కొనిన విఱుగునేమో, గట్టివి కొనిన బరువగునేమో, ఏమి చేయుదును?” అని యామె ప్రశ్న. ఎల్లారెడ్డిలోని బడిపంతులుగారి యిల్లాలికి మంచుకఱ్ఱల సంగతి యేమి తెలియునని మీరు నవ్వవచ్చును. కాని కఱ్ఱను తప్పుగా నెన్నుకొనిన నేమగునో నే నెఱుగుదును.

రెండేండ్ల క్రిందట మా యత్తగారికి మోకాలినొప్పి ముదిరినది. “కఱ్ఱ పట్టిననాడు ముసలిదాననైతినని యూరికి చాటినట్లే గదా, అమ్మాయీ!” యని యామె చాల దినములు నిరాకరించిరి. ఎట్టకేలకు నొప్పించి, సంతలో నొక వెదురుకఱ్ఱ నిగనిగకు మురిసి కొంటిని. కణుపుల వద్దనున్న సూదిమొనయంత రంధ్రములను, వానినుండి రాలుచున్న తెల్లని పొడిని నేను గమనింపలేదు. నెల తిరుగకమునుపే మెట్లపై నది విఱిగెను, అత్తగారు పడిరి. మణికట్టు బెణుకు పక్షము దినములలో మానినది గాని భయము మానలేదు. ఆఱు మాసములు గడప దాటలేదు. కఱ్ఱ పోయిన నష్టము స్వల్పము. మనిషి నడక మానుకొనుట గొప్ప నష్టము.

పిమ్మట మేదరవారి యవ్వ యొకతె నాకు కఱ్ఱ పరీక్ష నేర్పినది. ముండ్లవెదురు లోన బోలు. సాధనపు వెదురు దళసరి, ఎండనేలలో పెరిగినచో లోన నించుమించు గట్టి. చేతికఱ్ఱకు రెండవదే తగును. గడ మూడేండ్లదైన మేలు. లేతది యెండి ముడుతలు పడును. వానలు వెళ్లిన పిదప చలిదినములలో నఱకవలయును. వెదురులోని పిండిపదార్థమే పురుగునకు మేత. కొన్ని వారములు నీటిలో నానవేసి నీడన నెండించినచో నది తగ్గి పురుగు పట్టదు. కొనునప్పుడు నేలపై తట్టి చూడుడు: మంచి కఱ్ఱ ఖంగుమనును, పుచ్చినది బొదబొదలాడును. పెరటి వెదురు కొట్టుటకు 2017 నాటి చట్టసవరణచే అడ్డు తొలగినది గాని, అడవి వెదురును అనుమతి లేక కొట్టరాదు.

కొలత యిది: చెప్పులు తొడిగి నిటారుగ నిలిచి చేతులు వ్రేలాడవేసినప్పుడు, కఱ్ఱపిడి మణికట్టు ముడుతకు సరిపోవలయును. నొప్పిగల కాలివైపు గాక రెండవ చేత పట్టవలయును. అడుగున రబ్బరు తొడుగు వేసి, అఱిగినంతనే మార్చవలయును.

ఇక మంచుకఱ్ఱ. అదియు నొకప్పుడు వెదురుదే! 1958లో అమెరికాలో ఎడ్ స్కాట్ అనునతడు కొనకు సన్నగిల్లు అల్యూమినియపు కఱ్ఱను చేసిన పిదపనే వెదురు వెనుకబడినది. ఇప్పుడు కార్బన్ నారతో చేసినవియు కలవు. అవి మిక్కిలి తేలిక. కాని ప్రక్కనుండి రాతిదెబ్బ తగిలిన పుటుక్కున విఱుగును. అల్యూమినియము కొంచెము బరువైనను వంగును గాని తటాలున విఱుగదు. వంగినదానిని మెల్లగ సరిచేసుకొని యిల్లు చేరవచ్చును. మనుష్యసంచారము లేని చోట నదియే ప్రాణరక్ష. కావున నేర్చుకొను పిల్లకు అల్యూమినియపుదే కొనుడు. పొడవు కుదించి పెంచుకొన వీలైనది, చేతితొడుగులతోనే బిగింప వీలైనది చూడుడు. మెత్తని మంచులో దిగబడకుండ కొనయందు వెడల్పు చక్రముండవలయును. నిలుచుండి పట్టినప్పుడు మోచేయి మూలమట్టముగ వంగిన కొలత సరి.

అమ్మాయిని పంపుటకు జంకకుడు. మన తాడ్వాయి గురుకులమున చదివిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదునాలుగేండ్లు నిండకమునుపే, ఎవరెస్టు శిఖర మెక్కినది గదా!

మా యత్తగారు ఇప్పుడు సాధనపు వెదురుకఱ్ఱతో నుదయముననే గుడికి పోవుచున్నారు. నేను తోడు వత్తునన్న, “నాకు తోడున్నది, నీవు పొయ్యి చూచుకొనుము” అనుచున్నారు.