గుంపు మేస్త్రీ కంపెనీ గేటు దాటిండు

నీళ్లు, నిధులు, నియామకాలు. ఈ మూడు మాటల మీద నడిచింది మన ఉద్యమం. మొదటి రెండింటికి లెక్కలు అడిగేటోళ్లు ఇప్పటికీ ఉన్నరు. మూడోదాని కాడికొచ్చేసరికి మన చూపు సర్కారు నోటిఫికేషన్ మీదనే ఆగిపోతున్నది. గ్రూప్-1 ఎప్పుడు, డీఎస్సీ ఎప్పుడు, పేపర్ ఎట్ల లీకైంది? అడగాల్సిందే, కాదనేది లేదు. కానీ డిగ్రీ పట్టా, ఐటీఐ సర్టిఫికెట్ పట్టుకొని ఏటా బయటికొచ్చే పిల్లల్ల సర్కారు కొలువు దొరికేది ఎందరికి? మిగిలినోళ్లంతా పట్టేది పటాన్‌చెరు, జీడిమెట్ల, కాటేదాన్, చౌటుప్పల్, కొత్తూరు, జడ్చర్ల తొవ్వ. ఆ గేట్ల లోపల మనిషిని పనిలకు ఎట్ల తీసుకుంటున్నరు, తీసుకున్నంక ఎట్ల నడిపిస్తున్నరు అన్నది మనం ఎన్నడూ గట్టిగ అడగలేదు.

దీనికి కారణం మన చరిత్రలనే ఉన్నది. 1919ల వచ్చిన నిజాం ముల్కీ ఫర్మానా సర్కారు నౌకరీల గురించి. 1952ల హైదరాబాద్ల రక్తం చిందింది సర్కారు నౌకరీల కోసం. 1969 జనవరిల పాల్వంచ థర్మల్ కేంద్రం కాడ రాజుకున్న నిప్పు సుత సర్కారు సంస్థల కొలువుల కోసమే. ఆరు సూత్రాలు, 1975 రాష్ట్రపతి ఉత్తర్వు, 1985 డిసెంబర్ 30 నాటి 610 జీవో, 2001ల వేసిన గిర్‌గ్లానీ కమిషన్, అన్నీ ఆ తొవ్వవే. రాష్ట్రం వచ్చినంక 2018ల కొత్త రాష్ట్రపతి ఉత్తర్వు తెచ్చుకున్నం, 95 శాతం కొలువులు స్థానికులకే అన్నం. మంచిదే. ఇన్ని కాగితాలల్ల ప్రైవేటు కంపెనీ గేటు గురించి రాసింది మాత్రం ఒక్క అక్షరం లేదు.

గేటు కాడికి పోయి అడిగితే ఒకటే జవాబు. లోకల్ పిల్లలకు పని రాదు, ఒళ్లు వంగదు, బోనాలకు బతుకమ్మకు చెప్పకుండ పోతరు. ఈ మాట ఆంధ్రా పెట్టుబడిదారు అన్నప్పుడు మనకు మండింది. ఇప్పుడు యజమానులల్ల మనోళ్లు సుత ఉన్నరు, వాళ్లూ అదే మాట అంటున్నరు. కాబట్టి మాటల నిజమెంతో చూడాలె.

పని రాదంటరు. మరి హైదరాబాద్‌కు మందుల రాజధాని అని పేరెట్ల వచ్చింది? బాలానగర్ల సర్కారు పెట్టిన ఐడీపీఎల్ల పని నేర్చినోళ్లతోని వచ్చింది. ప్రైవేటు మందుల కంపెనీలు పెట్టినోళ్లల్ల పెద్ద పేరున్న అంజిరెడ్డి సుత అంతకుముందు ఐడీపీఎల్ల పనిచేసినాయనే. జనం సొమ్ముతోని నేర్పిన పనిని ప్రైవేటు పరిశ్రమ తయారుగ అందుకున్నది. ఆల్విన్, హెచ్ఎంటీ, బీహెచ్ఈఎల్ కాడ సుత అంతే, ట్రైనింగ్ ఇచ్చి మనిషిని తయారుచేసుకున్నరు. పని ఎవనికీ పుట్టుకతోని రాదు, నేర్పితే వస్తది. నేర్పే ఖర్చు పెట్టం గానీ నేర్చిన మనిషి కావాలె అంటే ఎట్ల? అప్రెంటిస్ చట్టం 1961 నుంచి ఉన్నది. ముప్పై మంది, అంతకు మించి పనిచేసే కాడ సిబ్బందిల 2.5 నుంచి 15 శాతం దాక అప్రెంటిస్‌లను తీసుకోవాలని రూలున్నది. చాన కాడ వాళ్లతోని నడిపిస్తున్నది నేర్చుకునే పని కాదు, చవక పని. ఏడాది ముగిసినంక ఒక కాగితం చేతిల పెట్టి పంపిస్తున్నరు.

అసలు కారణం వేరే ఉన్నది. ఊరు దగ్గరున్న మనిషికి ఇల్లుంటది, వెనుక నలుగురుంటరు. ఓవర్‌టైమ్‌కు రెండింతలు ఇయ్యాలని చట్టం చెప్తదని ఎవరో ఒకరు చెవులేస్తరు. చెయ్యి తెగితే ఊరంతా గేటు ముందర కూసుంటది. పన్నెండు గంటలు చెయ్యి అంటే రేపటి నుంచి రాను అనగలడు. బీహార్ నుంచో ఒడిశా నుంచో వచ్చిన పిలగానికి ఆ ధైర్యమెక్కడిది? పండుకునే రూము మేస్త్రీది, తినే మెస్సు మేస్త్రీది, రైలు టికెట్ పైసలు మేస్త్రీకి బాకీ. భాష రాదు. యజమానికి నచ్చుతున్నది ఆ పిలగాని నైపుణ్యం కాదు, వాని నిస్సహాయత.

ఈ మేస్త్రీ మనకు కొత్తోడా? పాలమూరును అడుగుండ్రి. అడ్వాన్స్ ఇచ్చి, లారీ ఎక్కించి, డ్యాముల కాడికి కాలువల కాడికి తోలుకపోయిన గుంపు మేస్త్రీని మన తాతలు చూసిండ్రు. కరీంనగర్, నిజామాబాద్ పిల్లలను గల్ఫ్‌కు పంపిన ఏజెంటు వాని తమ్ముడే. మన కన్నీళ్ల మీద బతికిన ఆ పద్ధతి ఇయ్యాల కంపెనీ గేటు దాటి లోపలికొచ్చింది, పేరు మాత్రం మ్యాన్‌పవర్ సప్లయ్ అని మారింది. కాబట్టి ఆ బీహార్ పిలగాడు మన శత్రువు కాదు. నిన్నటి పాలమూరు కూలీ ఆయన.

ఈ పద్ధతి పనిచేసే తీరు చూడుండ్రి. మనిషి అదే, మిషిన్ అదే, షిఫ్ట్ అదే. కాంట్రాక్టర్ పేరు మాత్రం ఏడాదికో రెండేండ్లకో మారుతది. మారినప్పుడల్లా సర్వీసు మొదటికొస్తది. గ్రాట్యుటీకి ఐదేండ్లు కావాలన్న కాలంల ఆ ఐదేండ్లు ఏ కాంట్రాక్టర్ కిందా నిండలేదు. పీఎఫ్ నంబర్ ఒక కాడ, పైసలు ఇంకో కాడ. కంపెనీని అడిగితే నువ్వు మా మనిషివి కాదు అంటది. మేస్త్రీని అడిగితే కంపెనీ బిల్లు పాస్ కాలేదు అంటడు. పని చేయించుకునేది ఒకడు, జవాబు చెప్పేది ఎవడూ కాదు. దీన్ని మేనేజ్‌మెంట్ అని కాలేజీలల్ల పాఠాలు చెప్తున్నరు!

2025 జూన్ 30 నాడు పాశమైలారంల ఏమైందో అందరం చూసినం. యాభైకి పైగా ప్రాణాలు పోయినయి. పోయినోళ్లల్ల చానమంది బీహార్, ఒడిశా, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినోళ్లు. లోపల ఎందరుండిరి, ఎందరు బయటపడ్డరు అన్నది తేలడానికి దినాలు పట్టింది. కొందరి ఆనవాళ్లే దొరకలేదు. ఫొటోలు పట్టుకొని గేటు కాడ, దవాఖాన కాడ తిరిగిన తల్లులను టీవీలల్ల చూసినం. పేరుపేరునా కంపెనీ సొంత హాజరు పుస్తకం గేటు కాడ ఉంటే, తన మనిషి లోపలున్నడా లేడా అని తెలుసుకోవడానికి ఒక తల్లికి గంట చాలు.

స్థానిక రిజర్వేషన్ చట్టం చేస్తే సరిపోతదని కొందరంటున్నరు. ఆంధ్రప్రదేశ్ 2019ల 75 శాతం చట్టం చేసింది. హర్యానా చేసిన చట్టాన్ని 2023 నవంబర్ల హైకోర్టు కొట్టేసింది. కర్ణాటక 2024ల బిల్లు తెచ్చి, కంపెనీలు కన్నెర్ర చేయంగనే పక్కకు పెట్టింది. 2020 ఆగస్టుల మన కేబినెట్ స్థానికులను తీసుకుంటే రాయితీలు పెంచుతమన్నది. వద్దనడం లేదు. కానీ కాంట్రాక్టర్ చేతిల ఈ శాతం పెడితే వాడు ఏం చేస్తడు? మన ఊరి ఆధార్ కార్డులు పోగుచేసి అదే పన్నెండు గంటలు, అదే జీతం ఇస్తడు. మేస్త్రీ బీహారీ అయితేంది, తెలంగాణోడు అయితేంది?

చట్టం లేక కాదు. అసలు ఉత్పత్తి పనిల కాంట్రాక్ట్ కూలీలను పెట్టొద్దని ఉమ్మడి రాష్ట్రం 2003లనే సవరణ చేసింది. ఊడ్చుడు, కాపలా, క్యాంటీన్, లోడింగ్ వంటివాటికి మాత్రం మినహాయింపు ఇచ్చింది. ఫ్యాక్టరీకి భూమి ఇచ్చిన ఊరోళ్లకు ఎక్కువగ దొరికినయి ఆ ఊడ్చుడు, కాపలా పనులే! 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లకొచ్చినయి. ప్రతి కార్మికునికి నియామక పత్రం ఇయ్యాలన్నరు, నిర్ణీత కాలానికి తీసుకున్నోళ్లకు ఏడాదికే గ్రాట్యుటీ అన్నరు. ఇది వాడుకోవాలె. అదే చేత్తోని, 1970 కేంద్ర చట్టంల 20 మంది అని ఉన్న కాంట్రాక్ట్ హద్దును 50 చేసిండ్రు. నలభై తొమ్మిది మందితోని ఒక్కో మేస్త్రీ ఒక్కో ముక్క పంచుకుంటే అడిగేటోడు లేడు.

చిన్న పరిశ్రమలోళ్ల బాధ వేరు, అది సుత చెప్పాలె. జీడిమెట్లల పదిమందితోని షెడ్డు నడిపేటాయనకు పెద్ద కంపెనీ బిల్లు నెలల తరబడి ఆపుతది, ఒక నెల ఆర్డరుంటది, ఒక నెల ఉండది. ఆయనను, వందల ఎకరాలల్ల రాయితీ తీసుకున్న కంపెనీని ఒకే కట్టెతోని కొట్టొద్దు.

ఆ పెద్ద కంపెనీలను మాత్రం అడిగి తీరాలె. సర్కారు భూమి, కరెంటు రాయితీ, పన్ను మినహాయింపు తీసుకున్న ప్రతి కంపెనీ తన మిషిన్ మీద నిలబడే మనిషిని తన సొంత మస్టర్ల రాసుకోవాలె. నియామక పత్రం తెలుగుల, హిందీల, వచ్చినోని భాషల ఇయ్యాలె. ఎందరు సొంతోళ్లు, ఎందరు కాంట్రాక్టోళ్లు, అందుల స్థానికులెందరు అన్న లెక్కను గేటు మీద బోర్డు రాసి పెట్టాలె. రాయితీ పైసలు ఆ బోర్డు చూసినంకనే విడుదల చెయ్యాలె. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, రాయితీ జీవోల ఒక్క షరతు చాలు. ఆ జీవో మీద సంతకం చేసే అధికారం 2014 జూన్ 2 నుంచి మన సర్కారు చేతులనే ఉన్నది.