వార్తలను వడగట్టు గది

2009 సెప్టెంబరు 2వ తేదీ ఉదయము 8 గంటల 38 నిమిషములకు ముఖ్యమంత్రి డాక్టరు వై. యస్. రాజశేఖరరెడ్డిగారి హెలికాప్టరు బేగంపేటనుండి బయలుదేరెను. రచ్చబండ కార్యక్రమమునకై అది చిత్తూరుజిల్లా అనుపల్లెకు చేరవలసియుండెను. కృష్ణను దాటిన కొలది నిమిషములకు, 9 గంటల 27 నిమిషముల ప్రాంతమున, నల్లమలలోని పావురాలగుట్టపై అది కూలెను. నూనె ఒత్తిడిని దెలుపు సూచికతో పైలట్లు ఆఱు నిమిషములు సతమతమగుచుండగా హెలికాప్టరు ఉగ్రమైన మేఘములలో చిక్కుకొనెనని విచారణసంఘమువారు పిమ్మట తేల్చిరి. అందున్న ఐదుగురును మరణించిరి. శిథిలములు వాయుసేన హెలికాప్టరు కంటబడినది మరునాటి ఉదయమున.

ఈ రెండు ఉదయముల నడుమ గడచిన కాలమును గూర్చియే మేము నేడు వ్రాయుచున్నాము. త్వరగా కనుగొన్నచో ఆనాడు ప్రాణములు దక్కియుండెడివని మేము చెప్పుట లేదు. కాని రేపు కూలునది చెట్లకొమ్మలలో చిక్కి, లోనివారు కొనయూపిరితో నుండవచ్చును. అట్టివారికి ఒక రాత్రి యనగా ఒక ఆయుర్దాయము.

ఆనాడు వెదకుటకు సాధనములు తక్కువయని యెవ్వరును అనజాలరు. వాయుసేన హెలికాప్టర్లు వచ్చెను. సుఖోయ్ విమానము వచ్చెను. ఇస్రోవారి దూరగ్రాహక విమానమును, రాడారు చిత్రములు దీయు ఉపగ్రహమును గూడ వినియోగించిరి. కేంద్ర రిజర్వు పోలీసులు వేలకొలదిగా అడవి జొచ్చిరి. చెంచులు తమ కాలిబాటల వెంట బయలుదేరిరి. వానయు, మబ్బును, పిదప చీకటియు వీరందరికిని అడ్డు నిలిచెను. అయితే ఈ సాధనములన్నిటికంటె ముందుగా బయలుదేరినది వదంతి. హెలికాప్టరు క్షేమముగా దిగినదనియు, ముఖ్యమంత్రిగారు రోడ్డుమార్గమున సాగిపోవుచున్నారనియు ఆ దినముననే వార్త వ్యాపించెను. ఎవరు చూచిరి? ఎచ్చట చూచిరి? ఎన్ని గంటలకు చూచిరి? ఈ మూడు ప్రశ్నలకును జవాబు లేని వార్త యది. అయినను రాష్ట్రమంతయు దానిని నమ్మగోరెను.

వైమానిక చర్యలను నడుపు కేంద్రమనగా పెక్కుమంది మనస్సునకు తోచునది గోడనిండ వెలుగు తెరలు, నడుమ నొక సేనాపతి, ఆయన నోటనుండి వెలువడు ఆజ్ఞలు. ఇది సినిమావారు చూపిన చిత్రము. అట్టి కేంద్రపు ప్రాణము ఆజ్ఞ యిచ్చు గదిలో లేదు. దానికి ముందున్న గదిలో నున్నది. 1940లో జర్మను విమానములు ఇంగ్లండుపై విరుచుకొనిపడినప్పుడు లండను చేరువనున్న బెంట్లీ ప్రయరీ యను భవనములో నట్టి గది యొకటి యుండెను. వడపోత గదియని దానికి పేరు. (ఆంగ్లేయుల పాలనను మెచ్చుకొనుటకు మాకు కారణము లేదు. వారి యీ యేర్పాటునుండి నేర్చుకొనుటకు అడ్డును లేదు.) సముద్రతీరపు రాడారు కేంద్రముల వార్తలన్నియు మొదట నచ్చటికి చేరెడివి. ఒక్క శత్రుదండునే రెండు కేంద్రములు రెండు చోట్ల నున్నట్లు చెప్పుచుండెను. ఒకరు ఇరువది విమానములనిన మఱొకరు ఎనిమిది యనుచుండిరి. స్వపక్షపు విమానమే శత్రువుగా తోచుటయు గలదు. ఆ గదిలోనివారు ఈ వార్తలను సరిపోల్చి, ఒక్క గుర్తుగా తేల్చిన పిదపనే అది కార్యాచరణగదిలోని బల్లపటముపైకి పోవును. అచ్చట యువతులు పొడవైన కఱ్ఱలతో ఆ గుర్తులను జరుపుచుందురు. అధికారి మీది అరుగునుండి చూచి, ఏ దళము లేవవలయునో నిర్ణయించును. లేచిన దళమును గాలిలో దారి చూపి నడపుట క్రింది కేంద్రముల పని. పై యధికారి అందులో వ్రేలు పెట్టడు.

ఆ గదిలోని గోడగడియారమును గూర్చి చెప్పకుండ ముందుకు సాగలేము. దాని ముఖము ఐదేసి నిమిషముల భాగములుగా ఎఱుపు, పసుపు, నీలము రంగులతో నుండెను. వార్త వచ్చు వేళకు ముల్లు ఏ రంగుపై నున్నదో ఆ రంగు గుర్తునే బల్లపై నుంచెడివారు. అందుచేత ఏ వార్త క్రొత్తదో, ఏది పాతబడినదో ఒక్క చూపున తెలిసెడిది. పాతబడినదానిని తీసివేసెడివారు. చద్దియన్నము రాయలసీమ రైతునకు బలమే గాని చద్దివార్త పైలటునకు బలము గాదు. ఇంకొక సంగతి. ఆ తీరపు రాడార్లు సముద్రమువైపే చూచుచుండెను. శత్రువు తీరము దాటి లోనికి వచ్చిన పిదప వాని జాడ తెలిపినది కొండలమీదను, పొలములలోను నిలిచి కన్నులతో చూచి, చెవులతో వినిన పరిశీలకదళమువారు. వారి మాటను బల్లపైకి చేర్చుటకు టెలిఫోనుతీగె యుండెను.

మన వాయుసేనకు నేడు సమీకృత వైమానిక ఆజ్ఞా నియంత్రణ వ్యవస్థ గలదు. వాయుసేన, సైన్యము, నౌకాదళము, పౌరవిమానయానము వీరి రాడార్లు చూచినదంతయు ఒక్క చిత్రముగా కూర్చుట దాని పని. 2025 మే నెలలో పాకిస్తాను డ్రోనులు వచ్చిపడినప్పుడు దాని విలువ దేశమునకు తెలిసెను. గర్వింపదగిన నిర్మాణమే. కాని సరిహద్దుకొఱకు పెంచిన యీ చూపు నల్లమల లోయలలోనికి దిగగలదా? కొండచాటున తక్కువ యెత్తున పోవు హెలికాప్టరు రాడారునకు కానరాదు. పౌరవిమానములకు అంతర్జాతీయ నియమములు వేఱుగ గలవు. మాట అందనప్పుడు మొదట అనిశ్చితదశ, పిదప హెచ్చరికదశ, ఆ పిదప ఆపద్దశ. ఈ దశలు గడియారమును బట్టి నడువవలసినవి. “ఎచ్చటనో దిగియుండును” అను నొక్క ఓదార్పుమాట ఆ గడియారమును నిలిపివేయగలదు. ఆ మాట పలుకునది శత్రువు గాదు, మన ఆశయే.

ఆ దుర్ఘటన జరిగి సరిగా నెల తిరుగునప్పటికి, అక్టోబరు 2వ తేదీని, కర్నూలు పట్టణము వఱదలో మునిగెను. 885 అడుగుల వఱకే నిండవలసిన శ్రీశైలము జలాశయము 896 అడుగులు దాటెను. మరల హెలికాప్టర్లు వచ్చెను, ఈమాఱు ఆహారపొట్లములతో. ఏ మిద్దెపై నెందరున్నారో, ఎవరికి అందినదో, ఎవరికి అందలేదో ఒక్కచోట గుర్తించు బల్ల లేనిచో, అట్టి వేళ ఒకే మిద్దెకు రెండుమార్లు పొట్లములు పడును. ప్రక్కమిద్దెవారు ఆకాశమువంక చూచుచుందురు.

మేము కోరునది క్రొత్త విమానములు గాదు. నల్లమలకు ఒక గది కావలెను. 2014 తరువాత కృష్ణకు ఒడ్డునకొక రాష్ట్రమయ్యెను. అడవి ఒక్కటే, పోలీసులు, అటవీశాఖలు, కలెక్టరులు వేఱు. వీరందరును, వాయుసేనయు, ఒకే గళ్లపటమును, ఒకే అంకెలను వాడవలయును. ఆ పటముపై సర్వేవారి పేర్లతోపాటు గుట్టలకును, వాగులకును చెంచులు పెట్టుకొనిన పేర్లును ఉండవలయును. గూడెమువాడు తాను విన్న మ్రోతను తనకు తెలిసిన పేరుతో చెప్పును గాని అక్షాంశముతో చెప్పడు గదా! ప్రతి గూడెమునుండియు ఆ గదికి మాట చేరు సాధనముండవలయును. ఫోనుగోపురము అందనిచోట వైర్‌లెస్సు. వచ్చిన ప్రతి వార్తయు చూచినవాడు, చోటు, వేళ అను మూడింటితోనే నమోదు కావలయును. అవి లేని వార్తను, చెప్పినవారెంతటి గొప్పవారైనను, బల్లపై నుంచరాదు.

దీనికి కావలసిన వస్తువులు చాలవఱకు సిద్ధముగనే యున్నవి. ఓర్వకల్లు విమానాశ్రయము 2021 మార్చిలో తెరువబడెను. సున్నిపెంటలో హెలిపాడు గలదు; 2025 అక్టోబరులో ప్రధానమంత్రిగారు అచ్చటనే దిగి శ్రీశైలమునకు వెళ్లిరి. పెద్దలు దిగు దినమున ఆ హెలిపాడునొద్ద ఎవరెవరు నిలువవలయునో, వాతావరణమును ఎవరిని అడుగవలయునో అధికారులకు కంఠస్థమే. మహాశివరాత్రికి వెంకటాపురమునుండి నాగలూటి, పెచ్చెర్వు, భీమునికొలను మీదుగా వేలమంది కాలినడకన మల్లన్న కొండకు పోవుచుందురు. ఆ త్రోవలో, పెచ్చెర్వునకు ఆవల, ఒకడు లోయలో పడినచో ఆ వార్త ఎవరి బల్లపైకి, ఎన్ని నిమిషములలో చేరునో రెండు ప్రభుత్వములును చెప్పగలవా?