ముగ్గు పోయకుండా గోడ లేపమంటారా?

మన పిల్లలకు వ్యాసం రాయడం రాదంటున్నారు. డిగ్రీలో అంటున్నారు, పోటీ పరీక్షల్లో అంటున్నారు. 'విషయం ఉంది గానీ రాత లేదు' అని మెల్లగా కొందరు, 'రిజర్వేషనోళ్లు ఇంతే' అని మొహమ్మీదే కొందరు. ఇరవయ్యేళ్లుగా బడిలో పాఠం చెప్తున్న మేము ఒక్కటే అడుగుతున్నాం. వ్యాసం ఎట్లా కట్టాలో వాళ్లకు ఏ క్లాసులో, ఎవరు చెప్పారు?

మాకూ ఎవరూ చెప్పలేదు. మా ఇంట్లో మాదే మొదటి డిగ్రీ. కాలేజీలో మా మొదటి వ్యాసం మీద ఎర్రసిరాతో 'గందరగోళం' అని ఒక్క ముక్క రాసిచ్చారు. దాన్ని ఎట్లా విప్పాలో చెప్పలేదు. పక్క బెంచీవాడి నాన్న లెక్చరర్. వాడు రాసేముందు చిత్తుకాగితం మీద నాలుగు గీతలు గీసేవాడు. అదేదో మంత్రమనుకున్నాం. కాదు, మన మేస్త్రీలు రోజూ చేసే పనే. పునాది తవ్వకముందు నేల మీద ముగ్గు పోస్తారే, అదే. ముగ్గు తప్పితే చెరిపి మళ్లీ పోయొచ్చు, గోడ లేచాక చెరపలేం. (ఊరందరి ఇళ్లకూ ముగ్గు పోసిన చేతులవి. ఆ ఇళ్లల్లో ఎన్ని గడపలు దాటనిచ్చారన్నది వేరే కథ.)

1916 మే 9న న్యూయార్క్‌లో, కొలంబియా విశ్వవిద్యాలయం సెమినార్‌లో అంబేద్కర్ 'భారతదేశంలో కులాలు' అనే వ్యాసం చదివారు. అప్పుడాయనకు 25 ఏళ్లు. ఆ వ్యాసాన్ని మా టెన్త్ పిల్లలతో బోర్డు మీద చెట్టులా గీయించాం. కులమంటే ఏమిటని మొదలు. సెనార్ట్, నెస్‌ఫీల్డ్, రిజ్లీ, కేత్కర్ ఏం చెప్పారో ముందు పెట్టి, వాటిలో లోటు చూపిస్తారు. అప్పుడు గానీ తన మాట బయటపెట్టరు: సొంత కులంలోనే పెళ్లి అనే కట్టడే కులానికి ప్రాణం. అక్కణ్ణుంచి కొమ్మలు. కట్టడి నిలవాలంటే ఆడ, మగ లెక్క సరిపోవాలి. మొగుడు చస్తే ఆమె మిగులు, పెళ్లాం చస్తే అతను మిగులు. ఆమెను చితి మీద కాల్చాలి, లేదా విధవగా కట్టిపడెయ్యాలి. అతన్ని బలవంతపు బ్రహ్మచారిని చెయ్యాలి, లేదా ఈడురాని పిల్లను కట్టబెట్టాలి. సతి, వైధవ్యం, బాల్యవివాహం మూడూ ఒకే మానుకు కాసిన కాయలని బోర్డు మీద కనబడగానే, వెనక బెంచీ పిల్ల ఒకతె లేచింది. 'అయితే సార్, వేరే కులం పిల్లను చేసుకుంటే నరికేది ఇందుకేనా?'

గైడు బట్టీపట్టిన పిల్లకు ఈ ప్రశ్న రాదు. గైడు పాయింట్లిస్తుంది, ఏది దేనికి పుట్టిందో చెప్పదు.

చేసే పని పెద్దదేం కాదు. అడిగిన ప్రశ్నను కాగితం నడుమ రాసి, తెలిసిందంతా చుట్టూ రాయాలి. ఒక జాతివి ఒక గీతతో కలపాలి, నెంబర్లు వెయ్యాలి, పనికిరానివి కొట్టెయ్యాలి. కొట్టెయ్యడమే కష్టం. మన పిల్లలు ఉన్న కోపమంతా మొదటి పేరాలోనే పోసేస్తారు, సగానికి వచ్చేసరికి చెప్పడానికేం మిగలదు. కోపం తప్పని మేం అనం. దానికో చోటు ముందే గీసిపెట్టుకోమంటున్నాం.

'ఇది పరీక్షల గోల, ఉద్యమానికేం సంబంధం' అని మన అన్నల్లోనే కొందరంటున్నారు. శ్మశానం భూమి కోసం మనం పెట్టిన అర్జీ ఒకసారి తీసి చదవండి. సర్వే నెంబరు నాలుగో పేజీలో ఉంది! ఆఫీసులో రెండో పేజీ దాటి చదివేదెవరు?

ఆదివారం పిల్లల్ని సంఘం గదికి పంపండి. కాగితాలు కొననక్కర్లేదు. ఎన్నికల పాంప్లెట్ల వెనకవైపు ఖాళీగానే ఉంది.