బాలనాగమ్మ మనసులో ఏముంది?

కథ అందరికీ తెలిసిందే. మాయల ఫకీరు బిచ్చానికి వస్తాడు. బాలనాగమ్మను కుక్కగా మార్చి తన వెంట తీసుకుపోతాడు. వెతుక్కుంటూ వచ్చిన భర్త కార్యవర్ధి రాజు రాయైపోతాడు. నోములో ఉన్నాను, అది తీరేదాకా ముట్టుకోవద్దని ఆమె ఫకీరును గడువు అడుగుతుంది. ఉయ్యాలలో వదిలి వచ్చిన కొడుకు పెరిగి పెద్దవాడై తల్లిని వెతుక్కుంటూ వచ్చేదాకా ఆ గడువు సాగుతుంది. ఎక్కడో దాచిన చిలకలో తన ప్రాణం ఉందన్న రహస్యాన్ని ఫకీరు నోటి నుంచి ఆమే రాబడుతుంది. చిలక మెడ విరగ్గానే ప్రేక్షకుల చప్పట్లు.

అంతా బాగానే ఉంది, ఆ వేషం కట్టాల్సిన నటికి తప్ప.

ఆమె ఇబ్బందల్లా ఒక్క సన్నివేశంతోనే. ఏళ్ల తరబడి కాదు పొమ్మన్న మగవాడితో ఒక సాయంత్రం హఠాత్తుగా నవ్వుతూ మాట్లాడాలి. ఫకీరు నమ్మాలి. ప్రేక్షకుడు నమ్మకూడదు. ఫకీరుకు కనబడని అబద్ధం ఆఖరి వరుసలో కూర్చున్నవాడికి కనబడాలి. ఆ నవ్వు వెనక ఉన్నది భయమా, ఎత్తుగడా, విసుగా? అన్నేళ్లు ఒకే మనిషి ముఖం చూస్తూ బతికిన ఆడదానికి అతని మీద జాలి లాంటిది ఏమైనా పుట్టి ఉంటుందా? కథ చెప్పదు. జానపద కథలకు ఆ అలవాటు లేదు. రాజు వెళ్లాడు, రాణి ఏడ్చింది, చిలక చచ్చింది అంటాయి తప్ప ఎందుకన్నది వినేవాళ్లకే వదిలేస్తాయి.

1868లో మేరీ ఫ్రెర్ అనే ఇంగ్లిష్ యువతి 'ఓల్డ్ దక్కన్ డేస్' పేరుతో అచ్చు వేసిన కథల పుస్తకంలో మొదటి కథ దాదాపు ఇదే. చెప్పింది ఆమె దగ్గర పనిచేసిన ఆయా అన్నా లిబరాటా డిసౌజా. అందులో రాజుగారి ఏడుగురు కూతుళ్లలో చివరిది బాల్నా. మాంత్రికుడి పేరు పంచ్‌కిన్. పన్నెండేళ్ల చెర. కొడుకు తోటమాలి కూతురి వేషంలో లోపలికి వస్తాడు. మంచి మాటలు చెప్పి గుట్టు లాగమని తల్లికి సలహా ఇచ్చేదీ అతనే. నటికి ఇది చిన్న వివరం కాదు. ఎత్తు కొడుకుదైతే, కన్నకొడుకు చెబితే శత్రువు ముందు ప్రేమ నటించే తల్లి కావాలి ఆమె. ఎత్తు తనదే అయితే, పన్నెండేళ్లుగా ఈ రోజు కోసమే కాచుకున్న మనిషి కావాలి. డైలాగు అదే. నడక వేరు, చూపు వేరు.

మన నాటకరంగంలో ఈ వేషానికి సురభి పెట్టింది పేరు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచక వధ'తో వనారస గోవిందరావు మొదలుపెట్టిన కుటుంబ నాటక సమాజం అది. మగవాళ్లే ఆడవేషాలు కట్టే రోజుల్లో అక్కడ ఆడవాళ్లే కట్టారు. ఫకీరు వేషంలో ఉన్నది సొంత మేనమామో, మరిదో కావచ్చు. చిన్నప్పటి నుంచి తెరచాటున నిలబడి ఎన్నోసార్లు విన్న పాత్రను ఒకరోజు తనే వేయాల్సి వచ్చిన నటిని, ఈ పాత్ర ఉద్దేశం ఏమిటమ్మా అని అడగడం కొంచెం వెటకారంగానే ఉంటుంది. ఆమెకు అందే జవాబు రాగంలో ఉంటుంది. పద్యం ఎక్కడ నిలపాలి, ఎక్కడ గొంతు దించాలి అన్నదే అక్కడ మనస్తత్వ శాస్త్రం. కానీ సంప్రదాయం అప్పజెప్పేది ఒక్క అర్థమే. పతివ్రత ఏం చేసినా పాతివ్రత్యమే. దాంతో బాలనాగమ్మ చాలాసార్లు విగ్రహంలా మిగిలిపోతుంది. పండగంతా ఫకీరుదీ, అతని ప్రియురాలు సంగుదీ. 1942లో జెమినీ తీసిన 'బాలనాగమ్మ'లో నాయిక కాంచనమాల. అయినా జనం ముందుగా తలుచుకునేది మాయల మరాఠీ వేసిన గోవిందరాజుల సుబ్బారావునే.

సిండ్రెల్లాదీ ఇదే కష్టం. జంషెడ్‌పూర్ అగ్రికో లాంటి చోట్ల, ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో ఇంగ్లీషుగా పెరిగే పిల్లలకు బాలనాగమ్మ నాయనమ్మ నోట, సిండ్రెల్లా స్కూలు వార్షికోత్సవం వేదిక మీద పరిచయం కావడం వింతేమీ కాదు. పెరో 1697లో రాసిన కథలో గాజు చెప్పు పరుగులో జారిపోతుంది. గ్రిమ్ సోదరుల కథలో రాకుమారుడే మెట్లకు తారు పూయిస్తాడు, చెప్పు దానికి అతుక్కుంటుంది. ఒకచోట ప్రమాదం, మరోచోట వల. రెండింట్లోనూ అమ్మాయి ప్రమేయం లేదు. 1817లో రోస్సినీ తన ఒపెరాలో చెప్పునే తీసేశాడు. అక్కడి నాయిక చేతి కంకణం తీసిచ్చి, దీని జత ఉన్న చేయి వెతుక్కో అని తనే పోటీ పెడుతుంది.

స్టీఫెన్ సోండ్‌హైమ్, జేమ్స్ లపైన్ ఇంకా ముందుకు వెళ్లారు. 1987లో బ్రాడ్‌వేకు వచ్చిన వారి 'ఇంటూ ది వుడ్స్' మరుసటి ఏడాది సంగీతానికీ, రచనకూ టోనీ అవార్డులు గెలిచింది. అందులో సిండ్రెల్లా తారులో ఇరుక్కుని ఆలోచిస్తుంది. రాజభవనంలో తనకు చోటు లేదేమోనన్న బెరుకు. ఇంట్లో ఉన్నది నరకం. ఎటు పోవాలో తేలక, తేల్చుకోకపోవడమే తన నిర్ణయం అనుకుని చెప్పును కావాలనే వదిలేస్తుంది. తేల్చే భారం రాకుమారుడి మీద పడుతుంది.

నటికి ఇది వరమా, శాపమా? సందేహాన్ని పాడటం కష్టం. తాళం ఆగదు, మనసు మాత్రం ఆగుతూ ఉండాలి. పైగా నాటకంలో ఆమె ఆ సంగతి జరిగిపోయాక చెబుతుంది, తనను తనే 'నువ్వు' అనుకుంటూ. అంటే తన తెలివికి తనే కాస్త మురిసిపోవచ్చు. 2014లో వచ్చిన సినిమాలో కాలాన్ని స్తంభింపజేసి, అక్కడే మెట్ల మీద, 'నేను' అంటూ అన్నా కెండ్రిక్ చేత పాడించారు. ఒక్క సర్వనామం మారితే వేషం మారిపోయింది. మొదటి ఆమెకు జవాబు తెలుసు. రెండో ఆమె వెతుక్కుంటోంది.

సురభికి ఈ రకం నాయిక కొత్త కాదు. 1990ల్లో బి.వి. కారంత్ వారితో పనిచేసినప్పుడు బ్రెహ్ట్ నాటకాన్ని 'బస్తీ దేవత యాదమ్మ'గా వేయించారు. మంచితనంతో బతకలేక కరుకైన మగవాడి వేషం వేసుకునే ఆడమనిషి కథ అది. నటిస్తున్నానని చూపిస్తూ నటించమనేది బ్రెహ్ట్ పద్ధతి. ఫకీరు ముందు నవ్వే బాలనాగమ్మకు కావలసింది సరిగ్గా ఆ విద్యే. తీగల మీద ఎగిరే అస్త్రాలకు, పొగలో మాయమయ్యే మాంత్రికులకు సురభి పడే శ్రమలో కాస్త ఆ నవ్వుకూ దక్కాలి.

ఆ తర్వాత ఇంకో సన్నివేశం ఉంది. ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఫకీరు చచ్చాక రాళ్లయిన వాళ్లంతా లేస్తారు. కార్యవర్ధి రాజు రాయిగా మారినప్పటి వయసులోనే లేస్తాడని అనుకోవాలి. ఆమె మాత్రం అన్నేళ్లూ బతికి పెద్దదైంది. సిండ్రెల్లాకైతే రెండో అంకం ఉంది, అందులో రాకుమారుణ్ణి వదిలి వెళ్లిపోతుంది కూడా. బాలనాగమ్మకు మిగిలింది తెర పడే ముందు అర నిమిషం. ఒక పక్క తనకంటే చిన్నవాడిలా కనిపిస్తున్న మొగుడు, మరో పక్క ఎదిగిన కొడుకు. ముందు ఎవరివైపు తిరగాలన్నది నటి ఇష్టం.